ఇంటికో గొంతు

నేను చొక్కాకి గుండీ కుడుతుంటే మా ఆయన అన్నాడు: "నువ్వు నా కుర్చీ వెనకాలే నిలబడు. పరీక్షలో నేను తడబడితే మెల్లిగా అందించు. పెదాలు కదలకూడదు సుమా."

పెదాలు కదపకుండా మాట్లాడటం నాకు కొత్తా? ఈ ఇంటి కోడల్నయ్యాక నేర్చిన మొదటి విద్య అదే.

మా నేల నీళ్ళలో మునిగాక పడవెక్కి ఈ దేశానికి వచ్చిపడ్డాం. మేమెంత వాగుడుకాయలమంటే, చెప్పుకున్న కబుర్ల బరువుకే పడవ రెండుసార్లు పక్కకి ఒరిగింది. నమ్మకపోతే మా అత్తగారినడగండి, ఆవిడ కూర్చున్న వైపే ఒరిగింది. ఇక్కడి ప్రభుత్వానికి మా గోల పడలేదు. పాత భాష ఇంటికి ఒక్కరే ఉంచుకోవాలన్నారు. ఆ ఒక్కరూ ఇంటి గొంతు. మిగతావాళ్ళు చెంచాడు మందు మింగాలి. తెల్లారేసరికి పాత భాష ముక్క మిగలదు, కొత్త భాషే ఉంటుంది.

"మగాడుండగా ఆడదాని పేరేంటి, నలుగురూ నవ్విపోతారు" అని అత్తగారు కొడుకు పేరే రాయించింది. నిజం చెప్పొద్దూ, ఆ మందు మీద నాకూ కాస్త ఆశే. పదేళ్ళుగా పడ్డ తిట్లన్నీ ఆ భాషలోవే కదా, ఒక్క చెంచాతో కొట్టుకుపోతాయి.

అధికారిణి వచ్చింది. మా భాష పుస్తకాల్లో చదువుకున్న మనిషి. పెట్టెలోంచి ఒక్కో వస్తువూ తీసి బల్ల మీద పెడుతుంది. దాని పేరేంటో, దేనికి వాడతారో ఇంటి గొంతే చెప్పాలి. తప్పితే ఇంటిల్లిపాదికీ మందే.

మొదటిదాని పేరు ఆయన చెవిలో ఊదాను. "జల్లెడ" అన్నాడాయన దర్జాగా. కుండ కింద పెట్టే చుట్టకుదురు తీస్తే నేను నోరు తెరిచేలోపే చేతికి తొడుక్కుని "కడియం" అనబోయాడు. వీపు మీద గిల్లి ఆపాను.

చివరికి ఒక మెత్తటి పాత గుడ్డ తీసింది.

పడవలో పుట్టిన నా పిల్లని అలాంటిదాంట్లోనే చుట్టాను. మూడు రోజులు బతికింది. ఆయన ఆ చివర మగాళ్ళతో కూర్చున్నాడు, దేంట్లో చుట్టానో కూడా చూడలేదు. ఆ మూడు రోజులూ నేను దాంతో మాట్లాడుతూనే ఉన్నాను. అది విన్న భాష అదొక్కటే. మందు మింగితే, నేను దాంతో ఏమన్నానో రేపు నాకే తెలీదు.

"ఊ?" అంటూ ఆయన మడమతో నా కాలు తొక్కాడు. నేను ఊదలేదు.

"బల్ల తుడిచే గుడ్డండీ" అన్నాడు.

అధికారిణి కలం తీసింది.

"నోరు పడిపోయిందా, చెప్పవే!" అని గుమ్మంలోంచి నా మీద అరిచేసింది అత్తగారు.

అధికారిణి తలెత్తింది. "ఈవిడెవరు?"

"మా ఆవిడండీ. మంచినీళ్ళివ్వడానికి నిలబడింది."

నేను బల్ల దగ్గరికెళ్ళాను. "పొత్తిగుడ్డ. పురిటిబిడ్డని చుడతాం. కొత్తదైతే ఒళ్ళు గీరుకుంటుందని పాతదే వాడతాం. తల వైపు మడత ఇలా రావాలి" అని వేసి చూపించాను. మడత చెదరలేదు. "ఇందాకటివన్నీ చెప్పింది కూడా నేనే. పేరు మార్చి రాసుకోండి." అధికారిణి ఆయన పేరు కొట్టేసి నాది రాసింది.

"ఏమే, నా భాష నాకు లేకుండా చేస్తావా?" ఆయన మొహంలో నెత్తురు లేదు.

"కొత్తది ఉందిగా. అందులో 'ఏమే' అనడం మీకింకా రాదు."

నన్నన్న మాటలన్నీ రేపటికి ఆయన మర్చిపోతాడు. నాకే గుర్తుంటాయి. ఉండనీ, వాటి మధ్య నా పిల్ల కూడా ఉంది.

ఆయన లేచాక ఆ కుర్చీలో కూర్చున్నాను. గొంతెండిపోయింది. మంచినీళ్ళు తెమ్మన్నాను ఆయన్ని, పెదాలు కదిపి, గట్టిగా.