ఆయా అని రాసిన డాక్టరు

రామ్‌చందర్ సార్ ఆ ఉదయం నన్ను తన గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు. ఆయన ఆసుపత్రిలో ఏళ్లుగా ఓపీ చీటీలు రాస్తున్నా, ఆ కుర్చీలో కూర్చోవడం నాకు అదే మొదటిసారి.

ఆయన కూతురు కళ్యాణి కెనడాకు దరఖాస్తు పెట్టుకుంది. నర్సింగ్ చదివిన సర్టిఫికెట్లు ఉన్నాయి, పనిచేసిన అనుభవం లేదు. అందుకని తన ఆసుపత్రిలోనే మూడేళ్లు స్టాఫ్ నర్సుగా చేసిందని సార్ లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టాడు. తండ్రి సంతకం ఒక్కటే చాలదనీ, చుట్టం కాని మనిషి ఎవరైనా చెప్పాలనీ కాగితాలు సరిచూసేవాళ్లు అడిగారట. ఆసుపత్రిలో నేను తప్ప మిగతావాళ్లంతా ఆయన చుట్టాలే. మధ్యాహ్నం ఫోన్ వస్తుంది, అవునంటే చాలు అన్నాడు.

ఆ మూడేళ్లూ అక్కడున్న ఒకే ఒక్క నర్సు మా అక్క మంగ్లి. ఖమ్మంలో నర్సింగ్ చదివి అశ్వారావుపేట వచ్చింది. పామాయిల్ తోటల్లో కూలికి వెళ్లే ఆడవాళ్లు, మా తండా వాళ్లు కాన్పుకు వస్తే డాక్టరు ఉన్నాడా అని కాదు, మంగ్లి ఉందా అని అడిగేవారు. కళ్యాణి సెలవులకు వచ్చినప్పుడు కౌంటర్ వెనక కూర్చుని టీవీ చూసేది. దాహమేస్తే "ఆయమ్మా" అని అక్కనే కేకేసేది.

అక్క కూడా కెనడాకే కాగితాలు సిద్ధం చేసుకుంది. సర్వీస్ సర్టిఫికెట్ అడిగితే సార్ ఆయా అని రాసిచ్చాడు. రిజిస్టర్లో మొదటినుంచీ అలాగే ఉంది. చిన్న ఆసుపత్రుల్లో అది మామూలే, నర్సు అని రాస్తే నర్సు జీతం చూపించాలి. అక్క ఆ కాగితం చదివి, మడిచి, లోపలికి వెళ్లి ఆ సాయంత్రం ఇంకో కాన్పు చేసింది. మర్నాటి నుంచి రాలేదు. నేను మాత్రం మానలేదు. ఎప్పుడో ఒకప్పుడు ఆయనకు నాతో పని పడుతుందని ఉండిపోయాను.

ఈ నెలాఖరులోగా సరైన సర్టిఫికెట్ తెస్తే అక్క ఫైలు పంపుతానని హైదరాబాద్ ఏజెంటు అన్నాడు. అందుకే ఆ కుర్చీలో కూర్చుని అడిగాను.

"మా అక్కకు నర్సని రాసియ్యండి సార్. ఫోన్ల మీరు చెప్పమన్నట్టే చెప్త."

ఆయన నవ్వాడు. "మీ అక్క నర్సయితే నేను కలెక్టర్ని. ఉన్నదే ఒక్క నర్సు పోస్టు, అది కళ్యాణికి రాసిన. నీ పని నువ్వు చూస్కో భానూ."

సరే సార్ అన్నాను.

ఫోన్ వచ్చేసరికి సార్ నా పక్కనే నిలబడి ఉన్నాడు. అవతల ఒకావిడ మర్యాదగా, కళ్యాణి గారు అక్కడ నర్సుగా పనిచేశారా అని అడిగింది.

"చెయ్యలే మేడమ్," అన్నాను. "ఒక్క రోజు గూడ చెయ్యలే. ఆ మూడేండ్లు నర్సు మంగ్లి. ఆమెను కాగితంల ఆయా అని రాసిండ్రు."

సార్ రిసీవర్ మీద చెయ్యి వేశాడు. బల్లల మీద కూర్చున్న పేషెంట్లు చూస్తుంటే మళ్లీ తీసేశాడు. అవతలావిడ, మీరు చెప్పింది రాసుకుంటే ఆ ఆసుపత్రి ఇచ్చే ఏ సర్టిఫికెట్టూ ఇక చెల్లదు, మంగ్లి గారికి ఇచ్చినా చెల్లదు, రాసుకోమంటారా అని అడిగింది.

సార్ మొహం చూశాను. పై పెదవి మీద చెమట పట్టింది. ఆ మొహం అలా చూడాలనే నేను అక్కడ అన్నాళ్లు చీటీలు రాశాను.

"రాస్కోండి మేడమ్," అన్నాను.

ఉద్యోగం అప్పుడే పోయింది. మేముండే గదికి వెళ్లేసరికి అక్క బియ్యం కడుగుతోంది. జరిగింది చెప్పాను.

"అంటే నా ఫైలు గూడ పోయినట్టే," అంది.

"అవ్."

"కళ్యాణిది?"

"అది గూడ."

అక్క చేతులు తుడుచుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ఆయన మొహం ఎట్లయిందో మొదటికెల్లి చెప్పు," అంది.