నీళ్లు కలిపిన గంజి

బొంత కుట్టేవాళ్లు ఎవరైనా, పొరలు జరగకుండా ముందు పొడుగు కుట్లు వేసుకుంటారు. వెంకటశేషమ్మకు ఆ ఓపిక ఏనాడో పోయింది. దారం ఎక్కిద్దామంటే సూది బెజ్జం కాదు, సూదే కనపడని చూపు ఆమెది. అందుకని నూకలు మెత్తగా ఉడికించి, గుడ్డలో వడకట్టి, ఆ చిక్కటి గంజిని పొరకూ పొరకూ మధ్య రాసి అంటించేది. ఎండకు ఆరితే బొంత అట్టలా బిగుసుకునేది. కుట్టడం అయ్యాక కాలవలో జాడిస్తే గంజి పోయి కుట్టు మిగిలేది. ఈ కిటుకు టోపీలు కుట్టే ఇమామ్ సాహెబ్ దగ్గర చూసి నేర్చుకుంది. చూసి నేర్చుకున్నానని మాత్రం ఎవరికీ చెప్పేది కాదు.

అంటించేది వెంకటశేషమ్మ, కుట్టేది పెంచలమ్మ. ఇద్దరూ చెంచురామయ్య భార్యలే. రెండో పెళ్లి తప్పు అనే చట్టం రాకముందు సంగతి అది. తనకు కడుపు పండలేదని, ఊరి నోరు మూయించడానికి వెంకటశేషమ్మే పెన్న దాటి కోవూరు పోయి, పిల్లను చూసి, దగ్గరుండి మొగుడికి చేసింది. పెంచలమ్మకూ పిల్లలు కలగలేదు. లోపం ఎవరిదో ఊరికి అప్పుడు అర్థమైంది కానీ, మగవాడి సంగతి కనక ఎవరూ పైకి అనలేదు.

సవతులిద్దరూ జుట్లు పట్టుకుంటారని ఎదురుచూసిన అమ్మలక్కలకు ఆశాభంగమే మిగిలింది. పెంచలమ్మ ఏ చీర కట్టాలో, ఎవరింటికి పోవాలో, ఎప్పుడు రావాలో అన్నీ వెంకటశేషమ్మే చూసుకునేది. తలంటి పోసేది, చేపముక్కల్లో మంచివి ఏరి ఆమె కంచంలో వేసేది. అదంతా ప్రేమే అనుకునేది. ప్రేమే మరి, కాదనడానికి లేదు.

చెంచురామయ్య పోయాడు. సంవత్సరీకం అయిన మరునాడు పెంచలమ్మ అన్న మస్తానయ్య కోవూరు నుంచి వచ్చి, చెల్లెల్ని తీసుకుపోతానన్నాడు. ఆయన భార్య పోయింది, ఇద్దరు చిన్నపిల్లలున్నారు.

"చలికి అక్క కీళ్లు పట్టుకపోతాయి. ఒక బొంత కుట్టి ఇచ్చి వస్తాలే అన్నా" అంది పెంచలమ్మ.

ఆ మాట వెంకటశేషమ్మ గుండెలో పడింది. బొంత అయ్యేదాకా పిల్ల ఇక్కడే ఉంటుందన్నమాట. మరి బొంత కాకపోతే?

చెంచురామయ్య పాత పంచెలు చాప మీద పరిచింది. గంజి వండింది. దించేముందు దాంట్లో చెంబెడు నీళ్లు గుమ్మరించింది.

పెంచలమ్మ సూది దించేసరికి పై పంచె ఒకవైపు, కింది పంచె ఒకవైపు జరిగిపోయాయి. కుట్టినంత మేరా విప్పి మళ్లీ పరిచారు. మళ్లీ అంతే.

"సముద్రపు గాలక్కా, తేమ. ఆరనీదు" అనేది పెంచలమ్మ.

"పాడు గాలే" అనేది వెంకటశేషమ్మ, మొహం పక్కకు తిప్పుకుని. చెయ్యని నేరానికి ఆ గాలి రోజూ తిట్లు తినేది. ఈలోగా వానలు పట్టి ఆమె అబద్ధానికి ఇంకాస్త సాయం చేశాయి. ఇంత వయసొచ్చి ఇదేం పనని ఆమెకూ సిగ్గుగానే ఉండేది. పెంచలమ్మ లేని ఇల్లు గుర్తొస్తే ఆ సిగ్గు చప్పున పోయేది.

కార్తీకంలో మస్తానయ్య బండి కట్టుకుని మళ్లీ వచ్చాడు. అతను అరుగెక్కకముందే వెంకటశేషమ్మ విరుచుకుపడింది.

"ఏమయ్యా, ఇన్నాళ్లూ చెల్లెలు గుర్తు రాలా నీకు. ఇప్పుడు వండిపెట్టేదానికి, నీ బిడ్డల ముక్కులు తుడిచేదానికి మనిషి కావాల్సొచ్చిందా?"

మస్తానయ్య తల దించుకున్నాడు.

"అన్నను అనబాకక్కా" అంది చాప మీద నుంచి పెంచలమ్మ. "ఆయన పిలవలా. తీసకపొమ్మని నేనే కబురు పంపినా."

వెంకటశేషమ్మ గోడ పట్టుకుని అక్కడే కూలబడింది.

"ఏం తక్కువ చేసినానే నీకు?"

"ఏం తక్కువ చెయ్యలా." పెంచలమ్మ సూదిని పంచెకు గుచ్చి పక్కన పెట్టింది. "గంజిలో నీళ్లు పోస్తుండావని నాకు మొదటి నాడే తెలుసు. పొయ్యనీలే, ఇంకో నాలుగు నాళ్లు నీ కాడ ఉన్నట్టుంటదని ఊరకున్నా. నాకు మాత్రం పోవాలంటే సంతోషమా?"

"అయితే పోబాక."

"ఈ ఇంటికొచ్చిన నాడు నీ వెనక నిలబడినా. ఈ పొద్దుకీ నీ వెనకే ఉండా. అన్న కాడ తల్లి లేని బిడ్డలుండారు. వాళ్లకు నేనే పెట్టాల, నేనే తిట్టాల. ఒక్కసారన్నా అట్టా బతకాలనుందక్కా."

"నిన్ను కూతురి మాదిరి చూసుకున్నా గదే!"

"కూతుర్నయితే ఎప్పుడో పంపించి ఉందువు గదక్కా."

వెంకటశేషమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మస్తానయ్య ఎద్దులకు నీళ్లు పెట్టే నెపంతో అవతలికి పోయాడు.

తెల్లవారి లేచి ఆమె నూకలు ఉడికించింది. నీళ్ల చెంబు జోలికి పోలేదు. గంజి అడుగంటకుండా తిప్పుతూనే ఉంది, ఏడుస్తూనే ఉంది. పంచెలు ఒక్కొక్కటే పరిచి, అరచేత్తో ముడతలు తీసి అంటించింది. అదృష్టమో దురదృష్టమో, ఆరోజు ఎండ కూడా బాగా కాసింది. పెంచలమ్మ కుట్టుకుంటూ వస్తుంటే, ఎదురుగా కూర్చుని సూదికి ముందు గుడ్డ సరిచేసి ఇచ్చింది. ఈసారి ఒక్క పొర కూడా జరగలేదు.

బొంత ఉతికి ఆరేసిన మరునాడు బండి కట్టారు. ఆడపిల్లను సాగనంపేటప్పుడు పెట్టే పసుపు కుంకుమ పెట్టే రాత వెంకటశేషమ్మకు లేదు, తీసుకునే రాత పెంచలమ్మకు లేదు. వెంకటశేషమ్మ లోపలికి పోయి బొంత తెచ్చి బండిలో పెట్టింది.

"ఇది నీ కోసం కుట్టింది గదక్కా!"

"కూతుర్ని ఉత్త చేతుల్తో పంపుతారా ఎవరన్నా?"

"మరి నీకు చలి పెడితే?"

"కబురు పంపుతాలే. తెచ్చి కప్పుదువు గానీ."

ఆ ఏడు చలి గట్టిగానే పెట్టింది. వెంకటశేషమ్మ కబురు పంపలేదు.