కాగు నిండా ఎముకల చారు

వరద వచ్చి పాత వంతెననూ, గుసొక్ పందుల దొడ్డినీ, తాక్ వాళ్ళ పెరట్లో జాడీలన్నిటినీ ఒకే ఊపులో పట్టుకుపోయిన ఏడాదికి అది నాలుగో ఏడు. ముల్లంగి ఆకు దండెం మీద ఆరుతున్న రోజులు. ఆ పొద్దున తాక్ పాన్‌సిక్ గొడ్డలికి కొత్త కామ దిగగొడుతున్నాడు. పెరట్లో అతని భార్య ఇనప కాగు కింద మంట పెట్టి, కాగులోకి బస్తా వంచింది. బస్తాలోంచి ఎద్దు ఎముకలు దడదడా పడ్డాయి.

పాన్‌సిక్ చేతిలో సుత్తి ఆగిపోయింది.

ఆ ఊళ్ళో ఏ మగవాణ్ణడిగినా చెబుతాడు. ఇల్లాలు ఎముకల చారు గిన్నెలో కాస్తే చలి ముదిరిందని అర్థం. కాగులో కాస్తే ఆవిడ ఎక్కడికో పోతోందని అర్థం. ఆ చారు తెల్లబడేకొద్దీ ఇంట్లో మొగుడి మొహం కూడా తెల్లబడుతుంది.

"ఎవరికి?" అన్నాడు.

"తినేవాళ్ళకి," అంది ఆమె.

అక్కడితో మాటలైపోయాయి. ఆ ఇంట్లో అది పెద్ద సంభాషణే.

ఆమె పుట్టిల్లు సున్‌చాంగ్. కాపురానికొచ్చి నలభై రెండేళ్ళయినా ఊరికి ఆమె సున్‌చాంగ్ కోడలే. పాన్‌సిక్ మాత్రం ఆమెను ఏ పేరుతోనూ పిలవడు. దగ్గుతాడు. ఒక దగ్గు అన్నానికి, రెండు దగ్గులు నీళ్ళకి. మిగిలిన సంసారమంతా "ఊఁ" మీద నడిచింది. మాట పొదుపు పెద్దరికమని అతనికి తండ్రి నేర్పాడు. అదీ సైగ చేసి నేర్పాడు.

మూడు రోజులు కాగింది చారు. మొదటి నీళ్ళు పారబోసింది, రెండోవీ మూడోవీ కలిపింది, రాత్రి చలిలో పెట్టి పొద్దున్నే పైన పేరిన కొవ్వు తీసేసింది. తర్వాత సంచుల్లో పోసి, పలకల్లా చదును చేసి ఫ్రీజరులో పేర్చింది. వరదలో జాడీలు పోయాక ఆమెకి మట్టి మీద నమ్మకం పోయి ఇంత పొడుగు ఫ్రీజరు కొనిపించింది. అందులో మనిషిని పడుకోబెట్టవచ్చు. ఆ ఆలోచన కూడా పాన్‌సిక్‌కి వచ్చింది.

ఆమె ముసలివాళ్ళ సావడికి వెళ్ళిన వేళ చూసి మూత తీసి లెక్కపెట్టాడు. అరవై నాలుగు పొట్లాలు. అతను మూడో తరగతి దాకా చదివాడు. భాగహారం మొదలుపెట్టే ముందే బడి మానేశాడు. అందుకని చేటలో సోయా గింజలు పోసుకుని మూడేసి చొప్పున కుప్పలు పెట్టాడు. ఇరవై ఒక్క కుప్పలు, ఒక గింజ. అంటే ఇరవై ఒక్క రోజులు, ఒక పూట.

ఆ ఒక్క పూట సంగతి అతనికి ఎంతకీ అర్థం కాలేదు.

అడిగితే తెలిసేది. కానీ అడగాలంటే నోరు తెరవాలి. అంత చిన్న విషయానికి అంత పెద్ద పని దేనికని, మర్నాడు గుసొక్ ఇంటికి పోయాడు. చారులో ఆరితేరినవాడు ఊళ్ళో గుసొక్ ఒక్కడే. వాడి భార్య, మూడేళ్ళ కిందట, కాగెడు చారు కాచిపెట్టి మూడు రోజుల కోసం చెల్లెలింటికి పోయింది. చారు అయిపోయింది. ఆవిడ ఇంకా రాలేదు.

"ఎన్ని పొట్లాలురా?" అన్నాడు గుసొక్.

పాన్‌సిక్ చెప్పాడు.

"అరవై నాలుగా! మాది ముప్ఫై. ముప్ఫైకే నా బతుకిలా ఉంది చూడు." ఉతకని దుప్పటి చూపించాడు. "కుడుములు చుట్టిందా?"

"ఊఁ."

"అయితే పోయినట్టే. కుడుములు చుట్టిందంటే మనసులో మూట కట్టేసుకున్నట్టే."

బియ్యపు కల్లు పోసుకుని ఇద్దరూ కాసేపు గోడవైపు చూశారు. గోడ ఏమీ చెప్పలేదు. చివరికి గుసొక్కే తొడ చరిచాడు.

"ఒరేయ్, ఫ్రీజరు నిండకుండా ఏ ఆడదీ గడప దాటదు. మొగుడు పస్తున్నాడని ఊరు ఆడిపోసుకుంటుందిగా? కాబట్టి నిండనివ్వకు."

"ఎలా?"

"తినాలి మరి. కాపురం నిలబెట్టుకోవడం ఊరికే అవుద్దా?"

ఆ రోజు నుంచి పాన్‌సిక్ తన కాపురాన్ని రోజుకి రెండు గిన్నెల చొప్పున నిలబెట్టుకోసాగాడు. మధ్యాహ్నం ఆమె సావడికి పోగానే రెండు పొట్లాలు చొక్కాలో దోపుకుని గుసొక్ ఇంటికి పోయేవాడు. చలికాలం మొదట్లో పొట్ట మీద రెండు మంచుపలకలు పెట్టుకుని వాగు దాటడం అంటే మాటలు కాదు. గుసొక్ ఉల్లికాడలు తరిగేవాడు, ఉప్పేసేవాడు, స్నేహితుడి కష్టంలో సగం తాగేవాడు. మిగిలితే పాన్‌సిక్ వెంట వచ్చిన అతని కుక్కకి. గుసొక్ బుగ్గలు నిండాయి. కుక్క నడవడం మానేసి దొర్లడం మొదలుపెట్టింది.

సున్‌చాంగ్ కోడలు ఒక రోజు ఫ్రీజరు మూత తీసి చాలాసేపు చూసింది. కుక్కని కూడా చూసింది. మర్నాడు మళ్ళీ బస్తా ఎముకలు దిగాయి.

ఆమె కాచింది. ఇతను తిన్నాడు. ఆమె సోయా ముద్ద పులుసు కట్టింది, నాచు చారు కట్టింది, నల్లచిక్కుళ్ళు తీపిగా వండి డబ్బాల్లో పెట్టింది. ఇతను నాచు చారు కూడా తిన్నాడు. పుట్టినరోజుకి తప్ప ముట్టని నాచు చారు. కుప్పలు ఒక రోజు ఆరవుతాయి, ఒక రోజు ఇరవై ఏడవుతాయి. ఈ మధ్యలో ఆమె అరుగు మీంచి వెనక్కి తిరిగి, నిచ్చెన దిగినట్టు దిగడం అతను చూశాడు. ముసలితనంలో ఆడవాళ్ళకి ఒక్కో సరదా అనుకున్నాడు.

చలికాలం కిమ్చీ పెట్టే రోజు వచ్చింది. ఏటా ఎనభై క్యాబేజీలు. ఈసారి నూట ఇరవై. రాత్రంతా ఉప్పునీళ్ళలో నానిన క్యాబేజీలని పెరట్లో వడగట్టి, ఆరుగురు ఆడవాళ్ళు ఎర్ర రబ్బరు తొడుగులు వేసుకుని రెక్క రెక్కకీ కారం పూస్తున్నారు. పాన్‌సిక్ ముల్లంగి గంప తెచ్చేసరికి అందరూ ఒక్కసారిగా నోళ్ళు మూశారు. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు నోళ్ళు మూయడం వరదకి ముందు రోజు ఒక్కసారి జరిగింది.

పక్కింటి ఓక్‌బున్ లేత ఆకులో ఉడికిన పంది ముక్క పెట్టి, కారం ముద్ద పెట్టి, అతని నోటికి అందించింది.

"ఆఁ అను బాబాయ్! ఈసారి దండిగా పెడుతున్నాం. చలికాలమంతా నీకు లోటుండకూడదుగా. అసలే ఒంటరి..."

సున్‌చాంగ్ కోడలు మోచేత్తో ఆమె డొక్కలో పొడిచింది.

"ఒంటరి ఏంటే?" అంది ఇంకో ఆవిడ.

"ఒంటరి... ఒంటి చేత్తో తినలేనన్ని అంటున్నా!" అంది ఓక్‌బున్. అందరూ పగలబడి నవ్వారు.

పాన్‌సిక్ నమిలాడు. కారం కంట్లోకి పోయింది. కారమే.

కిమ్చీ డబ్బాలు సర్దేశారు. ఆడవాళ్ళు తమ వాటా తాము తీసుకుని వెళ్ళిపోయారు. చారు పొట్లాలు తగ్గినా, కిమ్చీతో ఇక ఇల్లు నిండినట్టే. ఆ సాయంత్రం పాన్‌సిక్ తెగించాడు. రెండు పొట్లాలతో పనికాదని ఆరు తీశాడు. చొక్కాలో నాలుగు, లాగు నడుములో రెండు. మూత వేసి తిరిగేసరికి గుమ్మంలో భార్య.

"ఎన్నయ్యా?" అంది.

చలికి అతని పళ్ళు టకటకలాడుతున్నాయి. ఆరు వేళ్ళు చూపించాడు.

"కుక్కకా, గుసొక్‌కా?"

పాన్‌సిక్ పొట్లాలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు. ఆరోది లాగులో జారిపోయి, వెతికి తీయాల్సి వచ్చింది. తర్వాత ఆ ఏడాదిలోకెల్లా పొడుగు మాట మాట్లాడాడు.

"నువ్వు నన్నొదిలేసి పోతున్నావు."

ఆమె పీట లాక్కుని మెల్లగా, గోడ పట్టుకుని కూచుంది.

"పోతున్నా. నీకు చెప్పే పోతున్నా."

"ఎప్పుడు చెప్పావు?"

"మిరపకాయలు ఎండబోసిన రోజున. నువ్వు దున్నే మిషను విప్పుకుంటున్నావు. నీ ఎదురుగా నిలబడి చెప్పా. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయంట, కోసి కొత్తవి పెడతారంట, పట్నం ఆసుపత్రిలో నలభై రోజులుండాలంట, పోనా అన్నా. నువ్వేమన్నావు?"

పాన్‌సిక్‌కి మిషను గుర్తొచ్చింది. మిరపకాయలు గుర్తొచ్చాయి. ఆమె అక్కడ నిలబడినట్టు కూడా లీలగా గుర్తొచ్చింది. తనేమన్నాడో గుర్తు చేసుకోనక్కర్లేదు. అతను అనేది ఒకటే.

"ఊఁ అన్నావు," అంది ఆమె. "ఆ ఊఁ నమ్మి డాక్టరుకి మాటిచ్చా. ఫ్రీజరు నిండగానే వస్తానన్నా. అది నిండితేగా! నేను నింపడం, అది కరిగిపోవడం. రెండుసార్లు రోజు మార్పించుకున్నా. రేపటిది తప్పితే మళ్ళీ వచ్చే ఏడే అన్నారు."

"రేపా?"

"రేపే. ఇప్పుడు ఎన్నున్నాయో చూశావా లోపల? పంతొమ్మిది. ఈ ఆరుతో కలిపి. అన్నం వండటం రాని మొగుణ్ణి పంతొమ్మిది పొట్లాలకి వదిలేసి నేను పోతే, ఈ ఓక్‌బునే ముందు అంటుంది." ఆమె మోకాలు రుద్దుకుంది. "పోనీలే, వచ్చే ఏడు పోతా. మోకాళ్ళు ఎక్కడికి పోతాయి? ఎక్కడికీ పోలేవనేగా నా బాధ."

ఆమె లేచి, ఆరు పొట్లాలూ మళ్ళీ ఫ్రీజరులో పెట్టి, మూత వేసింది. కట్టి ఉంచిన బట్టల మూట ముడి విప్పడం మొదలుపెట్టింది. పాన్‌సిక్ అక్కడే నిలబడ్డాడు. ఒకసారి దగ్గాడు. అన్నానికనుకుని ఆమె పొయ్యివైపు పోయింది.

మర్నాడు పాన్‌సిక్ ఆమె కంటే ముందు లేచాడు. బియ్యం కడిగాడు. నీళ్ళు చేతి పైకి రావాలని వాళ్ళమ్మ అనేది. చెయ్యి అంటే ఎక్కడిదాకానో ఆవిడ చెప్పలేదు. మణికట్టు దాకా పోశాడు. ఉడికింది. కిమ్చీ కోసి, చిన్న బల్ల మీద పెట్టి, తీసుకెళ్ళి ఆమె ముందు దించాడు.

ఆమె గరిటె తిప్పి చూసింది. "ఏంటిది, గంజా?"

"అన్నం."

"నలభై రోజులూ ఇదే తాగుతావా?"

"ఊఁ."

"నీ ఊఁ సంగతి నాకు తెలుసు. నోటితో చెప్పు."

పాన్‌సిక్ గొంతు సవరించుకున్నాడు. "తాగుతా. నువ్వు పోయి మోకాళ్ళు వేయించుకుని రా. గుసొక్‌ని గుమ్మం తొక్కనివ్వను."

ఆమె గంజి మొత్తం తాగింది. ఉప్పు లేదని మాత్రం అంది. అతను మూట ముడి మళ్ళీ వేసి మెడకి తగిలించుకున్నాడు. కొత్త వంతెన దగ్గరికి బస్సు వచ్చే వేళైంది. ఆమె అలవాటుగా వెనక్కి తిరిగి అరుగు దిగబోయింది. అతను కింద మెట్టు మీద, ఆమెకి వీపు పెట్టి గొంతుక్కూచున్నాడు.

"చాల్లే, నడుం విరుగుద్ది ముసలోడా."

అతను కదల్లేదు. ఒకసారి దగ్గాడు. ఆమె ఎక్కింది. మొదటిసారి లేవలేకపోయాడు. రెండోసారీ లేవలేకపోయాడు. మూడోసారి లేచి వంతెన దాకా ఆగకుండా నడిచాడు. అన్ని గిన్నెల ఎముకల చారు తాగిన ఒంటికి ఆ మాత్రం చేవ రాకపోతే సిగ్గుచేటు.