మాణిక్యాంబ తుడిచేసిన చెప్పులు

పొద్దున్నే టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, ఫోను అద్దాన్ని చీర కొంగుతో తుడుచుకుంటే గానీ మాణిక్యాంబ బయటికి కదలదు. బేర్ సరాయ్‌లో పాత పుస్తకాల కొట్టు వెనక గది ఆమెది. గది అనడం మర్యాదకే. మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. కొట్టు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటే అదే ఆఫీసు. ఢిల్లీకొచ్చిన తెలుగువాళ్లకి అద్దె ఇళ్లు చూపించడం ఆమె పని. సివిల్స్‌కి చదివేవాళ్లకి ఇక్కడే గదులు, సాఫ్ట్‌వేర్ వాళ్లకి నోయిడాలో ఫ్లాట్లు. ఖాళీ అయిన ఇంటికి వెళ్లి ఫొటో తీసి, 'మాణిక్యం హోమ్స్' అనే తన ఇన్‌స్టాగ్రామ్ పేజీలో పెడుతుంది.

ఫొటోలు ఎవరైనా తీస్తారు. మాణిక్యాంబ తీస్తే గడప దగ్గర చెప్పులొస్తాయి. తాళం అప్పుడే తీసిన ఖాళీ ఇల్లు, గడప ముందు దుమ్ము తప్ప ఇంకేం ఉండదు. ఫొటోలో మాత్రం ఆ ఇంట్లోకి రాబోయేవాళ్ల చెప్పులు శుభ్రంగా విడిచి ఉంటాయి. ఇందులో వింతేముందని అడుగుతారు ఆ చుట్టుపక్కల వాళ్లు. ఇల్లు కావాల్సినవాళ్లు హాలూ చూడరు, వంటగదీ చూడరు. ముందు గడపని వేళ్లతో పెద్దది చేసుకుని చూస్తారు. తమ చెప్పులుంటే ఫోన్ చేస్తారు, లేకపోతే ఇంకో ఇల్లు చూసుకుంటారు. ఇంటివాళ్లు కూడా అంతే. ఫొటోలో చెప్పులూ, వచ్చిన మనిషి కాళ్లూ ఒకసారి చూసి తాళం ఇచ్చేస్తారు.

ఇంకో సంగతి. ఆ చెప్పులు ఇవాళ్టివి కావు, ఇంట్లో దిగే రోజువి. ఉదయ్‌కిరణ్ అని నోయిడాలో ఉద్యోగం, ఓ ఫ్లాట్ మీద మనసు పడ్డాడు. "ఆ ఎర్ర బూట్లు నావి కావాంటీ" అని ఈసురోమంటూ వెళ్లిపోయాడు. తర్వాతి ఆదివారం సరోజినీ నగర్ మార్కెట్లో తిరుగుతుంటే అవే ఎర్ర బూట్లు కళ్లబడ్డాయట. కొని అక్కడే తొడుక్కుని, అట్నుంచి అటే తాళం కోసం వచ్చేశాడు.

ఇంతమందిని ఇళ్లలో దింపిన మనిషికి సొంతంగా ఓ గడప లేదు. భర్త రాజగోపాల్ ప్రభుత్వ గుమస్తాగా ఉన్నన్నాళ్లూ సరోజినీ నగర్ క్వార్టర్లో కాపురం. ఆయన పోయాక క్వార్టర్ ఖాళీ చెయ్యక తప్పలేదు. సొంతూరు రాజమండ్రి వెళ్దామంటే అక్కడ ఎదురొచ్చేవాళ్లెవరూ లేరు. మాణిక్యాంబకి ఎడమ చెప్పు అడ్డంగా విడిచే అలవాటు. "నీ చెప్పు ఎటో పోతానంటోందే" అంటూ రాజగోపాల్ దాన్ని కాలితో తిన్నగా జరిపేవాడు. ఇప్పటికీ ఏ ఇల్లు ఫొటో తీసినా, ముందు తన గోధుమరంగు చెప్పుల కోసమే వెతుక్కుంటుంది. ఎక్కడా కనిపించవు. "సరేలే" అనుకుని ఫొటో పేజీలో పెట్టేస్తుంది. ఆ సరేలే వెనక ఎంత దిగులుందో ఎవరికీ చెప్పుకోదు.

అలా గడుస్తుంటే వైశాలి వచ్చింది. గుర్‌గావ్‌లో పెద్ద ఉద్యోగం. మునిర్కాలో ఓ ఫ్లాట్ చూసి, ఇదే కావాలని పట్టుబట్టింది. ఫొటోలోనేమో ఎవరో పెద్దాయన కిర్రు చెప్పులున్నాయి.

"ఇది మీది కాదమ్మా. మీదొచ్చినప్పుడు నేనే ఫోన్ చేస్తాను" అంది మాణిక్యాంబ.

వైశాలి ఇంటికి వెళ్లి ఒక్క స్టార్ ఇచ్చి రివ్యూ రాసింది. చెప్పుల గురించి ఆవిడకి అనుమానమేమీ లేదు. "చెప్పులు మావి కాకపోతే ఆ మాట కాస్త ఒప్పించేలా చెప్పాలి, ఇంకో ఇల్లు చూపించాలి. గుమ్మంలోంచే పంపేసింది. అస్సలు ప్రొఫెషనల్ కాదు" అని రాసింది. అది తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. మాణిక్యాంబ ఫోను మూగబోయింది. ఆ కుర్చీ అయినా, ఆ గది అయినా ఆమె పేరు మీద నిలబడ్డవే. పేరు పోతే ఢిల్లీలో ఇంకేం మిగలదని ఆమెకి గుండెల్లో రాయి పడింది.

శశిధర్‌ని పిలిచింది. ఒకప్పుడు ఆమె ఇల్లు చూపించినవాడే, వరంగల్ మనిషి, కంపెనీల సోషల్ మీడియా చూసుకునే ఉద్యోగం. వచ్చి, పేజీ మొత్తం తిప్పి చూసి, తల పట్టుకున్నాడు.

"ఏంది ఆంటీ గిది? మీ పేజీ తెరిస్తే గుడి బయట నిలబడ్డట్టుంది. ఎక్కడ జూడు చెప్పులే!"

"ఉంటే ఏంటి బాబూ? వాటి కోసమేగా జనం చూసేది."

"మనోళ్లు చూస్తరు. కొత్తోళ్లకి నీటుగ కనవడాలె. ముందుగాల ఆ మేడమ్ రివ్యూకి మర్యాదగ జవాబు పెడ్దాం. మంచిగున్నోళ్లందరినీ రివ్యూలు రాయమందాం. రోజుకో పోస్ట్ వెయ్యాలె. ఇగ ఫొటోలు సాఫ్ చెయ్యాలె."

ఆ పొద్దున తీసిన ఫొటో తెరిచాడు. సంతోష్ తాయిది ఆ ఇల్లు. తాయి అంటే అక్కడ పెద్దమ్మ, బేర్ సరాయ్‌లో పుట్టి పెరిగిన జాట్ పెద్దావిడ. తను మేడ మీద ఉంటూ కింద రెండు గదులు అద్దెకిస్తుంది. ఒక్క మెట్టు కూడా లేకుండా వీధిలోంచి నేరుగా లోపలికి వెళ్లే ఇల్లు. శశిధర్ గడపని పెద్దది చేశాడు.

"చూడుండ్రి. ఒక నల్లబూట్ల జత, దాంట్ల ఒకదాని సోలేమో ఇంత మందం. పక్కన పాత చెప్పులు, నీలం దారంతోని కుట్టినయ్. అవన్నా తిన్నగ ఉన్నయా అంటే, ఒకటిటు, ఒకటటు. ఎవలన్నా గిట్ల ఇల్లు చూపిస్తరా?"

మాణిక్యాంబ కళ్లజోడు సవరించుకుని చూసింది. గోధుమరంగువే గానీ, తన చెప్పులకి కుట్టు లేదు. ఎవరో పాపం, తెగిన చెప్పులు కుట్టించుకుని వేసుకునే మనిషి అనుకుంది. తీసెయ్యాలంటే చెయ్యి రాలేదు. కానీ ఫోను మోగక ఎన్నాళ్లయిందో గుర్తొచ్చింది.

"ఎలా తుడవాలి?" అంది.

"వేలు పెట్టి రుద్దుండ్రి, పోతయ్."

రుద్దింది. పోయాయి. గడప నున్నగా, బోసిగా మిగిలింది.

ఆ ఫొటోకి లైకులు వరదలా వచ్చాయి. పాతవాళ్లందరూ ఐదేసి స్టార్లిచ్చారు. 'మాణిక్యం హోమ్స్' పేరు మళ్లీ నిలబడింది, శశిధర్ అన్న మాట నిలబెట్టుకున్నాడు. కాకపోతే ఆ రోజు నుంచి ఆమె ఏ ఇల్లు ఫొటో తీసినా గడప దగ్గర చెప్పులు రావడం మానేశాయి. వేలికి ఇంక పని లేదు. జనం ఫొటో చూస్తారు, గడప చూస్తారు, లైకు కొట్టి వెళ్లిపోతారు. ఒక్క ఇల్లూ కదల్లేదు. మాణిక్యాంబకి అన్నం సయించడం మానేసింది.

తాయి సంగతి చెప్పనే అక్కర్లేదు. మనవరాలి ఫోన్లో తన ఇంటి ఫొటో చూసి కూలబడిపోయింది. మాణిక్యాంబ ఫొటోలో చెప్పుల్లేని గడప ఆ వీధిలో ఎవరూ అంతవరకు చూడలేదు. నా ఇంటికి ఇంక మనుషులే రారు కాబోలు, ఎవరూ రాని ఇల్లు ఉంచి ఏం లాభం అనుకుంది. మరిది కొడుకు బిల్డరు. కింద గదులు పడగొట్టి దుకాణాలు వేసుకోమని అతనికి చెప్పేసింది. ఈ మాట మాణిక్యాంబ చెవిన పడేసరికి ఆ బిల్డరు కొలతలకి వచ్చే రోజు వచ్చేసింది.

ఏం చెయ్యాలో పాలుపోక కుర్చీలో కూర్చుని ఉంది. ఒకమ్మాయి సంచీ నిండా పుస్తకాలు మోసుకుని కొట్టుకొచ్చింది.

"ఇవి కొంటారా భయ్యా? అన్నీ బాగుండాయి, గీతలు గూడా లేవు."

హిందీలోనూ తొంగిచూస్తున్న రాయలసీమ యాస విని మాణిక్యాంబ తలెత్తింది. "పరీక్షలు అయిపోయాయా అమ్మా, అమ్మేస్తున్నావు?"

"యాడ ఆంటీ! మెయిన్స్ ముందరుంది. నాలుగో అంతస్తులో ఉండా, ఎక్కి దిగేకి నా కాలితో కావడం లేదు. మొన్న మెట్ల మీద పడితి. రేపు మా నాయన వస్తాడు, నంద్యాలకి ఎల్లిపోతా. ఇంక చాలు." నవ్వుతూనే చెప్పింది గానీ కళ్లు నిండిపోయాయి. పేరు అన్నపూర్ణేశ్వరి అట, అందరూ పూర్ణ అంటారట.

"కింద గది చూసుకోకపోయావా?"

"ఒకటి చూసినా ఆంటీ, మీ పేజీలోనే. ఒక మెట్టు గూడా లేదు. ఎంత ఆశ పడితినో! గడపకాడ ఎంత ఎతికినా నా బూట్లు లేవు. నాది కాదులే అని గమ్మునుండిపోతి."

మాణిక్యాంబ చూపు అప్పుడు ఆ పిల్ల కాళ్ల మీద పడింది. నల్ల బూట్లు. కుడి బూటుకి సోలు ఇంత మందం.

"అయ్యో అయ్యో అయ్యో" అంటూ లేచింది. కుర్చీ పడిపోయింది. "నా చేత్తో నేనే... పద తల్లీ, పద. పుస్తకాలు అమ్మకు, పట్టుకుని పద!"

పూర్ణకి ఏమీ అర్థం కాలేదు. వెనకే నడిచింది. సందు మలుపులో మాణిక్యాంబ ఎడమ చెప్పు పట్టె పుటుక్కున తెగింది. చెప్పు ఈడ్చుకుంటూ మూలనున్న చెప్పులు కుట్టేవాడి ముందు కాలు చాపింది.

"ఈ రంగు దారం అయిపోయింది దీదీ" అన్నాడతను.

"ఏదో ఒకటి వేసి కుట్టు భయ్యా, అక్కడ ఇల్లు పడగొట్టేస్తున్నారు!" అంది. కుడుతున్నంతసేపూ అటు చూడనైనా లేదు. ఆమె కళ్లు తాయి ఇంటివైపే ఉన్నాయి.

వెళ్లేసరికి బిల్డరు టేపు పట్టుకుని గోడలు కొలుస్తున్నాడు. తాయి మంచం మీద మొహం వేలాడేసుకుని కూర్చుంది. చూడ్డానికి ఇరుగుపొరుగు చేరారు.

"ఆపు తాయీ! నీ ఇంటికి మనుషులున్నారు. ఫొటోలో చెప్పులొచ్చాయి. నేనే తుడిచేశాను" అంది మాణిక్యాంబ హిందీలో, ఆయాసపడుతూ.

"తుడిచేశావా?" తాయి లేచి నిలబడింది. "నా ఇంటికి రావాల్సిన మనుషుల్ని తుడిచేశావా?"

"తుడిచేశాను. ఫొటో నీటుగా ఉంటుందని, నా పేరు నిలబడుతుందని."

వీధంతా విన్నది. ఇంక బేర్ సరాయ్‌లో తన మాట ఎవరూ నమ్మరని మాణిక్యాంబకి తెలుసు. సిగ్గుతో చచ్చిపోతున్నట్టుంది. అయినా చెప్పెయ్యగానే గుండెల్లో రాయి కాస్త కదిలింది.

బిల్డరు నవ్వాడు. "చెప్పులుండేవని ఈవిడ అంటే సరిపోతుందా తాయీ? చూపించమను."

పాత ఫొటో ఎప్పుడో పోయింది. మళ్లీ తియ్యాలి. ఇన్నాళ్లుగా ఏ గడపకీ రాని చెప్పులు ఇప్పుడు మాత్రం వస్తాయని ఏముంది? మాణిక్యాంబ ఫోను అద్దాన్ని కొంగుతో తుడిచింది. "ఒక్కసారి, ఈ పిల్ల కోసం" అని లోపల దణ్ణం పెట్టుకుని నొక్కింది.

ఫొటో వచ్చింది. అందరూ తలలు వంచారు.

పూర్ణ పక్కనే నిలబడి ఉంది, బూట్లు ఆమె కాళ్లకే ఉన్నాయి. ఎదురుగా గడప ముందు దుమ్మే ఉంది. ఫొటోలో మాత్రం అదే గడప ముందు అవే నల్ల బూట్లు, కుడిదాని సోలు మందంగా, మడమ దగ్గర అరిగి, లేసు కొస చిట్లి ఉన్నాయి. ఎన్నో ఏళ్లుగా చూస్తున్నదే అయినా ఆ వీధి మొదటిసారి చూసినట్టు చూసింది. బిల్డరు టేపు దానంతటదే చుట్టుకుని డబ్బాలోకి వెళ్లిపోయింది. తాయి వంగి గడపని తాకి కళ్లకద్దుకుంది. పూర్ణ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

"మరి ఈ రెండో జత ఎవరిది?" అంది తాయి.

నల్ల బూట్ల పక్కన గోధుమరంగు చెప్పులు. ఎడమదాని పట్టెకి నీలం దారం కుట్టు.

"ఎవరిదో తెలీదు తాయీ. ఆ రోజూ ఉన్నాయి. ఆ మనిషిని కూడా వెతుకుతాను, నాదీ పూచీ" అంది మాణిక్యాంబ.

"ఆంటీ," అంది పూర్ణ కళ్లు తుడుచుకుంటూ. "కిందికి చూడండి."

మాణిక్యాంబ తన కాళ్లకేసి చూసుకుంది. ఎడమ పట్టె మీద కొత్తగా మెరుస్తూ నీలం దారం. వంగి ఆ కుట్టుని వేలితో తడిమింది. ఇన్నేళ్లు ఇన్ని గడపల దగ్గర వెతుక్కుని, తీరా వచ్చిననాడు తన వేలితో తనే రుద్దేసుకుంది. లేచి గోడ పట్టుకుంది.

"రెండు గదులు, రెండు జతలు," అంది తాయి విసుగ్గా. "ఇంకా బయటే నిలబడతావేం? ఆ పిల్లని తీసుకుని లోపలికి నడువు."

పూర్ణ వంగి బూట్లు విప్పింది. మాణిక్యాంబ చెప్పులు విడిచింది. ఎడమది ఎప్పట్లాగే అడ్డంగా పడింది. పూర్ణ కాలు చాపి దాన్ని తిన్నగా జరపబోయింది.

"ఉండనీ," అంది తాయి, ఫోన్లో ఫొటోకేసి చూస్తూ. "ఇందులో అలాగే ఉంది."