కుడికాలి కింద బ్రేకు

ఆవిడకి బ్రేకమ్మ అని పేరు పెట్టింది ఆవిడ దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్ళే. ఇరవై రెండేళ్ళుగా స్కూలు కారులో ఎడమ సీట్లో కూర్చుని, కుడి సీట్లో స్టీరింగ్ పట్టుకుని వణికేవాళ్ళకి నేర్పుతోంది. ఆవిడ కాళ్ళ కిందా రెండు పెడల్స్ ఉంటాయి. ఎడమకాలికి క్లచ్, కుడికాలికి బ్రేకు. యాక్సిలరేటర్ ఉండదు, పంతులమ్మకి దాంతో పనేముంది? పక్కవాడు తడబడితే చాలు, ఆవిడ కుడికాలు టక్కున నొక్కేస్తుంది. ఆ తరవాత నోరు మొదలవుతుంది. "నీ కాళ్ళు ఎక్కడున్నాయో నీకే తెలీదా నాయనా? ఇంట్లో పెట్టొచ్చావా?" అంటే ఎంతటి ఆఫీసరైనా తల దించుకోవాల్సిందే.

అలాంటి మనిషి చెల్లెల్ని చూడ్డానికి పరాయి దేశం వచ్చింది. వచ్చేముందు అక్కడ కారు తోలడానికి పర్మిట్ కూడా తీసుకుంది. అవసరమని కాదు, దర్జాకి. ఆ దేశంలో బళ్ళన్నీ రోడ్డుకి కుడివైపు నడుస్తాయి, స్టీరింగేమో ఎడమవైపు ఉంటుంది. వారం రోజులూ పక్కన కూర్చుని చెల్లెలి డ్రైవింగ్‌కి వంకలు పెట్టడమే గానీ, తాళాలు మాత్రం ముట్టుకోలేదు.

ఆ రోజు పొద్దున్నే ఇద్దరూ కొండ చూడ్డానికి బయల్దేరారు. మలుపు దగ్గర కారు పక్కకి ఆపి లోయని ఫోటో తీసుకుంటుంటే, చెల్లెలి మెడ మీద కందిరీగ కుట్టింది.

చెల్లెలు "అమ్మా" అని కూడా సరిగ్గా అనలేదు. పరుగెత్తి హ్యాండ్‌బ్యాగ్ సీట్లో బోర్లించి వెతికింది.

"నాకు కందిరీగ పడదక్కా. ఇంజెక్షన్ ఇంకో బ్యాగులో ఉండిపోయింది."

"పడకపోతే ఏమవుతుందే?"

"గొంతు మూసుకుపోతుంది."

ఫోనులో సిగ్నల్ లేదు. రోడ్డు మీద ఇంకో బండి లేదు. ఇందాక దాటొచ్చిన ఊళ్ళో ఆసుపత్రి ఉంది, పదిహేను నిమిషాల దారి. చెల్లెలి పెదవులు అప్పుడే ఉబ్బుతున్నాయి.

"నువ్వే తోలాలి," అంటూ కుడిపక్క సీట్లో కూలబడింది.

బ్రేకమ్మ ఎడమ సీట్లో కూర్చుంది. ఇరవై రెండేళ్ళుగా కూర్చున్న వైపే. కాళ్ళ కింద రెండు పెడల్స్ తగిలేసరికి కాస్త ధైర్యం కూడా వచ్చింది. కారు తిప్పి కొండ దిగడం మొదలుపెట్టింది.

మొదటి మలుపులోనే ఎదురుగా లారీ వచ్చింది. ఆవిడ కుడికాలు ఆలోచించలేదు, అలవాటుగా బ్రేకు నొక్కింది. కారు ఒక్కసారిగా గర్జించి ముందుకి దూకింది. ఆవిడ పైప్రాణాలు పైనే పోయాయి. ఇంకా గట్టిగా నొక్కింది, కారు ఇంకా దూకింది. లారీ హారన్ చెవులు పగలగొడుతూ పక్కనుంచి పోయింది. లోయవైపు కంచె మీదికి వచ్చేస్తోంది.

చెల్లెలు రెండు చేతులతో అక్క మోకాలు పట్టుకుని ఎడమవైపు నెట్టింది. పాదం జారి పక్క పెడల్ మీద పడింది. కంచెకి జానెడు దూరంలో కారు ఆగింది.

"క్లచ్... లేదు దీనికి," అంది చెల్లెలు ఈలలాంటి గొంతుతో. "కుడిది యాక్సిలరేటర్. ఎడమది బ్రేకు."

ఆ సంగతి ఆవిడకి తెలుసు. కాలికే తెలీదు. ఆ కాలు ఇందాక ఇద్దర్నీ చంపబోయింది, మళ్ళీ అదే కాలితో తోలాలి. భయమంటే ఇన్నేళ్ళూ పక్క సీట్లోవాళ్ళ జబ్బనుకుంది. తనదాకా వచ్చేసరికి స్టీరింగ్ మీద వేళ్ళు కూడా నిలవడం లేదు.

లేని క్లచ్ కోసం వెతక్కుండా ఎడమకాలు సీటు మీదికి మడిచేసి, దాని మీదే కూర్చుంది. చెల్లెలు ఆవిడ కుడి మోకాలి మీద చెయ్యి వేసింది. మలుపు వస్తే మోకాలు నెడుతుంది, పాదం బ్రేకు మీదికి పోతుంది. మలుపు దాటాక వదిలేస్తుంది. అక్కాచెల్లెళ్ళిద్దరూ కలిసి ఒక్క కాలితో అలా కొండ దిగారు. చెల్లెలి ఊపిరి మాత్రం మలుపు మలుపుకీ సన్నబడుతోంది.

"వచ్చేశామే, ఇంకెంత దూరం, అదిగో ఇళ్ళు," అంటూనే ఉంది బ్రేకమ్మ. ముక్కోటి దేవతలకీ మొక్కేసింది, ఎవరికేం మొక్కిందో తనకే గుర్తులేదు.

ఊళ్ళోకి వస్తూనే కూడలిలో ఎర్రలైటు పడింది. అడ్డంగా బస్సు బయల్దేరింది. మోకాలి మీద చెయ్యి నెట్టలేదు. జారి సీటు మీద పడిపోయింది.

బ్రేకమ్మకి చెల్లెలివైపు చూసే తీరిక కూడా లేదు. నోటికి వచ్చిన అరుపు అరిచింది. "బ్రేకు! ఎడమది! నీ కాళ్ళు ఎక్కడున్నాయో తెలీదా నాయనా, ఎడమది!"

కాలు ఆ గొంతుకి జడిసింది. ఎడమకి జరిగి తొక్కింది. బస్సు తోక కారు ముక్కుకి తగలకుండా పోయింది. అప్పుడు చూసింది, చెల్లెలి మెడ పక్కకి వాలిపోయి ఉంది. హారన్ మీద చెయ్యి తియ్యకుండా కూడలి దాటి, ఆసుపత్రి గుమ్మంలో నిలిపింది. లోపల్నుంచి పరుగెత్తుకొచ్చినవాళ్ళు చెల్లెల్ని స్ట్రెచర్ మీద తీసుకుపోయారు.

ఆవిడ దిగలేదు. ఇంజన్ ఆపలేదు. బ్రేకు మీద కాలు తీస్తే చెల్లెలు పోతుందేమోనని పిచ్చి భయం పట్టుకుంది. సెక్యూరిటీ అతను వచ్చి అద్దం తట్టాడు, చేతులు ఊపాడు. ఆవిడ అతనివైపు చూడనే లేదు.

చాలాసేపటికి నర్సు బయటికొచ్చింది. "ఊపిరి ఆడుతోంది," అంది ఇంగ్లీషులో నెమ్మదిగా. "అక్కా, అక్కా అంటోంది. మీరేనా?"

బ్రేకమ్మ స్టీరింగ్ మీద తలపెట్టి బావురుమంది.

"మేడమ్, అంబులెన్స్ వస్తోంది," అన్నాడు సెక్యూరిటీ అతను, ఈసారి కాస్త మెత్తగా. "కారు కొంచెం ముందుకి జరపండి."

ఆవిడ ఇంజన్ ఆపి, కాలు రెండు చేతులతో ఎత్తి బయటపెట్టి దిగింది. తాళాలు అతని చేతిలో పెట్టింది.

"మీరే జరపండి బాబూ," అంది వచ్చీరాని ఇంగ్లీషులో. "నాకు డ్రైవింగ్ రాదు."