గోళీ రెండు మీద

శాంతయ్య నీళ్ళ సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాడు. గీత దాకా ఉన్నాయి. మూత బిగించి, గోడకున్న ఆక్సిజన్ మీటరు కింద తగిలించాడు. మీటరు గాజుగొట్టంలో చిన్న నల్లగోళీ లేచి, ఊగి, రెండు అంకె మీద నిలబడింది. సీసాలో బుడగలు మొదలయ్యాయి. ఒంగి చెవి పెట్టి విన్నాడు. సన్నగా, ఒకే తీరుగా వస్తోంది శబ్దం. అది రెండు లీటర్ల శబ్దం. నాలుగైతే గరగరలాడుతుంది. పది దాటితే ఎసరు కాగినట్టే.

ఉదయం ఏడుంబావు. గద్వాలలో ఆ ప్రైవేటు దవాఖాన ఐసీయూలో ఆరు మంచాలు. నాలుగో మంచం దగ్గర అతను ఇంకో పని కూడా చేశాడు. జేబులోంచి తెల్ల ప్లాస్టరు తీసి, మీటరు తిప్పే మర మీద అడ్డంగా అంటించాడు. దాని మీద పెన్నుతో 2 అని రాశాడు. ఎవరూ తిప్పకూడదని గుర్తు. పదకొండేళ్ళుగా అది అతని పద్ధతి. ఏ పుస్తకంలోనూ లేదు.

శాంతయ్యకు యాభై ఎనిమిదేళ్ళు. హాజరు పట్టీలో ఇప్పటికీ వార్డుబాయ్ అనే ఉంటుంది. సొంతూరు ఇటిక్యాల. ఏడో తరగతితో బడి మానేసి, మేస్త్రీల వెంట కాలువలు తవ్వడానికి దేశమంతా తిరిగాడు. నడుము పట్టేశాక తిరిగొచ్చి ఈ దవాఖానలో చీపురు పట్టాడు. చీపురు నుంచి స్ట్రెచరు, స్ట్రెచరు నుంచి సిలిండరు. పొట్టి మనిషి. భుజాలు వెడల్పు. కళ్ళద్దాల కాడ విరిగితే దారం కట్టుకున్నాడు. గొంతు మాత్రం పెద్దది, రాళ్ళ మీద బండి పోయినట్టు.

"ఇదేంది అన్నా, మందు పూసినవా గోడకు?" అంది ఖతీజాబీ.

నాలుగో మంచం మీదున్న సాబిర్ భార్య ఆమె. ధరూర్ నుంచి మూడు రోజుల క్రితం షేర్ ఆటోలో భర్తను ఒళ్ళో ఆనించుకుని తెచ్చింది. సాబిర్ ముప్పై ఏళ్ళు దూది ఏకి పరుపులు కుట్టాడు. దూది ధూళి, బీడీ పొగ కలిసి ఊపిరితిత్తులను తినేశాయి. ఇప్పుడు దిండ్ల మీద ముందుకు ఒరిగి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి, పెదాలు సున్నాలా చుట్టి ఊదుతున్నాడు. ప్రతి ఊపిరికీ మెడ నరాలు తాళ్ళలా లేచి పడుతున్నాయి. ముక్కులో సన్న పైపు.

"మందే. ముట్టుకోవద్దని మందు," అన్నాడు శాంతయ్య.

సాబిర్ ఊపిరికీ ఊపిరికీ మధ్య నవ్వాడు. "నా పెండ్లాం... ఏది ముట్టుకోవద్దంటే... అదే ముట్టుకుంటది."

"మాట్లాడకు. మాట్లాడకుంట పండుకో," అని అతని వీపు నిమిరింది ఆమె. తర్వాత కొంగు ముడి విప్పి, వేలికి తగిలించే చిన్న నీలం మిషన్ తీసింది. బ్యాటరీ మూత ఊడకుండా దానికి రబ్బరుబ్యాండు చుట్టి ఉంది. గోడ మీద పెద్ద మానిటరు ఉండగానే, భర్త ఎడమచేతి వేలికి దాన్ని తగిలించింది. రెండూ ఒకే అంకె చూపాయి. ఎనభై తొమ్మిది.

"తొంభై గూడ లేదు గదన్నా!"

"ఆయనకు గదే మంచిది. ఎనభై ఎనిమిది నుంచి తొంభై రెండు. డాక్టర్ సారే రాసిండు."

"ఎక్కువ గాలి వస్తే యాడనన్న చెడ్డదైతదా అన్నా?"

శాంతయ్య సీసా మూత మళ్ళీ ఓసారి బిగించాడు. దీనికి అతని దగ్గర జవాబు ఉంది. డాక్టర్ దినేష్ ఓసారి నర్సులకు చెబుతుంటే విన్నాడు. కానీ వార్డుబాయ్ రోగులకు జబ్బు వివరించకూడదు. పోయిన ఏడాది అలా చెప్పినందుకే సూపర్‌వైజరు మధు అందరి ముందూ నిలబెట్టి అడిగాడు, 'నువ్వెప్పుడు డాక్టరైనవ్ శాంతయ్యా?' అని. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

"సిస్టర్ చెప్తది తల్లీ. నువ్వు జర గోళీ దిక్కు చూస్తుండు. రెండు మీదే ఉండాలె."

ఖతీజాబీ అతని ముఖంలోకి పట్టిపట్టి చూసింది. "నీ గొంతు యాడనో విన్నట్టుందన్నా."

"ఈ గొంతు గద్వాల మొత్తం విన్నది," అని అతను ఐదో మంచానికి వెళ్ళాడు.

మానిటరు మోగింది. టింగ్, టింగ్, టింగ్. అంకె తొంభై కింద ఉన్నంతసేపూ అది మోగుతూనే ఉంది. మోగినప్పుడల్లా ఖతీజాబీ ఉలిక్కిపడుతోంది. శాంతయ్య నర్సు నిరోష దగ్గరికి వెళ్ళాడు.

"మేడం, నాలుగో మంచం అలారం ఎనభై ఐదుకు దించాలె. ఆ తల్లి పరేషాన్ అయితుంది."

"దించుత పెద్దయ్యా. రెండు నిమిషాలు." పురుగుమందు తాగిన మనిషిని అప్పుడే రెండో మంచం మీదికి చేర్చారు. నిరోష గ్లవ్స్ వేసుకుంటూ తెర వెనక్కి పరుగెత్తింది. మానిటరు బొత్తాలు వార్డుబాయ్ ముట్టుకోకూడదు.

ఆ రెండు నిమిషాలు పదిన్నరైనా రాలేదు. మధు వచ్చాడు.

"శాంతయ్యా, పరీక్ష. నడువు."

పై నెలలో దవాఖానకు తనిఖీ ఉంది. ఐసీయూలో పనిచేసే వాళ్ళందరికీ ఊపిరితిత్తుల మీద, అత్యవసర వైద్యం మీద ఎంత తెలుసో రాతపరీక్ష పెట్టి, కాగితాలు ఫైల్లో ఉంచాలి. ఇరవై ఐదు ప్రశ్నలు. పదమూడు వస్తే ఐసీయూ. రాకపోతే కింద బట్టలుతికే గది. పదిహేను రోజులుగా శాంతయ్య భార్య దేవమ్మ రొట్టెలు కొడుతూ, దవాఖాన వాళ్ళిచ్చిన పుస్తకంలోంచి ప్రశ్నలు అడుగుతోంది. 'కార్బన్ డయాక్సైడ్ నిలుపుదల' దగ్గర ప్రతిసారీ ఆగేది. "గిదేం తెలుగయ్యా? బస్సు నిలుపుదల లెక్క!"

"సార్, తర్వాత గుంపుల రాస్త. నాలుగో మంచం..."

"తర్వాత గుంపు లేదు. నిరోష ఉన్నది గద."

శాంతయ్య తెర దగ్గరికెళ్ళి గట్టిగా చెప్పాడు. "మేడం, నాలుగు మీద ఓ కన్నేయండి!" లోపలి నుంచి "సరే" అని వినిపించింది. దాంతోపాటే వాంతి శబ్దం. వెళ్తూ వెళ్తూ వెనక్కి చూశాడు. గోళీ రెండు మీదే ఉంది. టింగ్, టింగ్.

మూడో అంతస్తు. ప్లాస్టిక్ కుర్చీలు. ఫోన్లు ఒక అట్టపెట్టెలో వేయించుకుని మధు తలుపు దగ్గర కూర్చున్నాడు.

మొదటి పది ప్రశ్నలు సులువు. పదకొండు నుంచి పదహారు దాకా అటూఇటూ. పదిహేడో ప్రశ్న దగ్గర శాంతయ్య పెన్ను ఆగింది.

'చాలా ఏళ్ళుగా దమ్ముతో బాధపడుతున్న రోగికి ఎక్కువ మోతాదులో ఆక్సిజన్ ఇచ్చారు. మానిటరు మీద 98 ఉంది. రోగి ఆయాసం తగ్గి, మత్తుగా నిద్రపోతున్నాడు. దీనర్థం: అ) రోగి కోలుకుంటున్నాడు. ఆ) రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతోంది, ప్రమాదం. ఇ) ఆక్సిజన్ ఇంకా చాలలేదు. ఈ) నిద్ర సహజం.'

ముందు కుర్చీలో నర్సు లక్ష్మీదేవమ్మ ధీమాగా 'అ' మీద టిక్కు పెట్టడం కనిపించింది. శాంతయ్య 'ఆ' మీద పెట్టాడు. ఆలోచించాల్సిన పని లేదు. ఇలాంటి వాళ్ళకు తక్కువ గాలే అలవాటు. ఎక్కువ పట్టిస్తే లోపలి చెడుగాలి బయటికి పోదు, తలకెక్కుతుంది. చూసేవాళ్ళకు నిద్రలా ఉంటుంది.

పెన్ను కింద పెట్టాడు. టింగ్, టింగ్ శబ్దం చెవుల్లో ఉంది. ఆమె కొంగు ముడిలోని నీలం మిషన్ గుర్తొచ్చింది. ఈ రోజుల్లో అలాంటిది కొంగులో పెట్టుకు తిరిగేది ఎవరు? కరోనా చూసినవాళ్ళు. తొంభై నాలుగుకు తగ్గితే చావేనని నేర్చుకున్నవాళ్ళు.

లేచి నిలబడ్డాడు. "సార్, కిందికి పోయొస్త. ఒక్క నిమిషం."

"గంట కాకముందు ఎవరూ పోవద్దు. రూలు."

"ఫోనన్న ఇయ్యండి. నిరోష మేడంకు ఒక్క మాట."

"పదిహేడు దగ్గర ఆగినవ్. జవాబు అడుగుతందుకా?" కుర్చీల్లో నవ్వులు లేచాయి. "కూసో శాంతయ్యా. ఈ వయసుల కాపీ ఏంది?"

శాంతయ్య కూర్చున్నాడు. గోడ గడియారంలో పదకొండుంబావు. పన్నెండు దాకా మిగిలిన ఎనిమిది ప్రశ్నలకు టిక్కులు పెట్టాడు. ఏం చదివాడో అతనికే తెలియదు.

పన్నెండు కొట్టగానే మెట్లు దిగాడు. నడుము పట్టేసింది. ఐసీయూ తలుపు తోయకముందే అతని చెవికి తెలిసింది. టింగ్ టింగ్ లేదు. దాని బదులు ఎసరు కాగుతున్న శబ్దం.

ఖతీజాబీ ఎదురొచ్చింది. మూడు రోజుల్లో మొదటిసారి ఆమె ముఖం తేటగా ఉంది. వేలు నోటి మీద పెట్టుకుంది.

"మెల్లగన్నా. నిద్రవట్టింది. తొంభై ఎనిమిది!"

సాబిర్ దిండు మీద వెనక్కి ఒరిగి ఉన్నాడు. మెడ నరాలు కనిపించడం లేదు. బుగ్గలు ఎర్రబారాయి. నుదుటి మీద చెమట. ఊపిరి నెమ్మదిగా, లోతు లేకుండా ఉంది. చేయి పట్టుకుంటే వెచ్చగా తగిలింది. "సాబిర్ భాయ్! ఓ సాబిర్ భాయ్!" అని భుజం కుదిపాడు. రెప్పలు సగం లేచి పడిపోయాయి.

మీటరులో గోళీ గొట్టం కొసకు కరుచుకుని ఉంది. ప్లాస్టరు నలిగిపోకుండా, చిరగకుండా విప్పి మంచం చట్రానికి అంటించి ఉంది. మళ్ళీ వాడుకోవచ్చని.

"ఎందుకు తిప్పినవ్ తల్లీ?"

"ఎనభై ఆరు అయిందన్నా. ఒకటే మోగవట్టె. సిస్టర్‌ను పిలిచిన, పలుకలే. అప్పుడు యాదికొచ్చింది నీ గొంతు." ఆమె కళ్ళు మెరిశాయి. "కరోనాల మొకమంత కప్పే తెల్ల డ్రెస్ ఏస్కోని వచ్చినవ్ గద నువ్వు. మా తమ్ముడు అఫ్జల్ మంచం కాడ. నువ్వే నేర్పినవ్ నాకు. 'తొంభై నాలుగు తగ్గనియ్యకు. తగ్గితే మా కోసం చూడకు, గోళీ పైకి తిప్పు' అని. గట్లనే తిప్పిన. మా తమ్ముడు బతికిండు."

శాంతయ్యకు గుర్తుంది. అప్పుడు నలభై మందికి ఇద్దరే మనుషులు. మంచం మంచానికీ పోయి, ఈ పెద్ద గొంతుతోనే అందరికీ నేర్పాడు. అప్పుడది సరైన మాట.

అతను తెర వైపు తిరిగాడు. "మేడం! డాక్టర్ సార్‌ను పిలువుండ్రి!" అని అరిచాడు. తెర వెనక నుంచి నిరోష తడిసిన చేతులతో పరుగెత్తుకొచ్చి, చూసి, గోళీని మెల్లమెల్లగా దించింది. డాక్టర్ దినేష్ వచ్చేసరికి మాస్కుతో గాలి ఊదే మిషన్ తోసుకొచ్చి శాంతయ్య సిద్ధంగా ఉంచాడు. మణికట్టు నుంచి తీసిన రక్తం ఫలితం చూసి డాక్టర్ తల పట్టుకున్నాడు.

"రెండు లీటర్లని రాశాను. ఎవరు పెంచారు?"

నిరోష నేలను చూసింది. ఖతీజాబీ ఏదో చెప్పబోయింది.

"నేనే సార్," అన్నాడు శాంతయ్య.

"నువ్వా?"

"నాదే సార్ తప్పు."

డాక్టర్ ఒక క్షణం అతన్ని చూసి రోగి వైపు తిరిగాడు. మాటలకు సమయం లేదు. మాస్కు బిగించారు. మిషన్ ఊదింది. రెండు గంటలకు సాబిర్ ఒకసారి కళ్ళు తెరిచి, భార్య చేతిని వెతికాడు. దొరికింది. గుండె ఏనాడో నీరసించిందని, వెంటిలేటరు మీద పెట్టినా నమ్మకం చెప్పలేనని డాక్టర్ ఆమెను పక్కకు పిలిచి చెప్పాడు. కర్నూలుకు తీసుకెళ్ళే అంబులెన్సుకు ఫోన్ చేశారు. శాంతయ్య చేయడానికి ఏమీ మిగల్లేదు. నిండి ఉన్న నీళ్ళ సీసాను తీసి, పారబోసి, కడిగి, మళ్ళీ గీత దాకా నింపాడు.

నాలుగింటికి మధు వరండాలోకి పిలిచాడు.

"పద్నాలుగొచ్చినయ్. పాసైనవ్. పదిహేడు సరిగ్గ పెట్టినోళ్ళు ఇద్దరే తెల్సా? నర్సులు గూడ తప్పిండ్రు." ఆ తర్వాత గొంతు తగ్గించాడు. "కానీ డాక్టర్ సార్ చెప్పిండు. గట్లెట్ల చేసినవ్ శాంతయ్యా? తెలిసి తెలిసి? రేపటి సంది కింద బట్టల గదికి పో."

"పోత సార్."

లోపలికి తిరిగి వచ్చేసరికి నాలుగో మంచం చుట్టూ తెర లాగి ఉంది. మిషన్ ఊదడం లేదు. అంబులెన్సు ఇంకా రాలేదు.

అయిదున్నరకు ధరూర్ నుంచి చుట్టాలు వ్యాను తెచ్చారు. సాబిర్ ముఖం మీదికి తెల్లగుడ్డ లాగి ఉంది. స్ట్రెచరు ఒక కొస శాంతయ్యే పట్టుకున్నాడు. వ్యాను ఎక్కబోతూ ఖతీజాబీ ఆగింది. ఏడవడం లేదు.

"నేను తిప్పితే నీదని ఎందుకన్నవన్నా?"

అతను వ్యాను తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఎక్కువైతే ఏమైతది? నిజం చెప్పు."

పదిహేడో ప్రశ్న. జవాబు అతనికి తెలుసు.

"ఏం కాదు తల్లీ," అన్నాడు శాంతయ్య. "రూలుంటది. గంతే."

ఆమె అతని ముఖంలోకి, పొద్దున చూసినట్టే, పట్టిపట్టి చూసింది. నమ్మిందో లేదో తెలియలేదు. వ్యాను కదిలింది.

పైకొచ్చి మంచం తుడిచాడు. దుప్పటి చుట్టాడు. చట్రానికి అంటించిన ప్లాస్టరు ముక్క ఊడబెరికాడు. దాని మీద 2 ఇంకా చెరగలేదు. దిండు తీస్తే కింద రబ్బరుబ్యాండు చుట్టిన నీలం మిషన్ ఉంది. కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. వ్యాను మలుపు తిరిగిపోయింది.

చేతిలో ఎక్కడ నొక్కుకుందో ఏమో, మిషన్ నోట్లో ఎర్రదీపం వెలిగింది. అంకెలు ఉండాల్సిన చోట రెండు గీతలు. అది కొన్ని క్షణాలు వేలి కోసం వెతికి, దొరక్క, తనంతట తానే ఆరిపోయింది.