అత్తగారు ఒత్తిగిలితే

మధ్యాహ్నం అన్నాలయ్యాక అత్తగారు మంచం మీద నడుం వాల్చేది. కోడలు ఆవిడకు దుప్పటి కప్పి, కిటికీలోంచి నదిని ఓసారి చూసి పనికి వెళ్లేది. వరద కాలువ తలుపుల దగ్గర ఉద్యోగం; నీరు పెరిగితే ఎత్తాలి, తగ్గితే దించాలి.

అత్తగారు ఎటు ఒత్తిగిలితే నదీ అటే ఒరుగుతుందని ఊళ్లో అందరికీ తెలుసు. ఎడమకు తిరిగితే ఎడమ గట్టు కోసుకుపోయి కుడి ఒడ్డున మేట పడుతుంది. కుడికి తిరిగితే అటుది ఇటవుతుంది. అందుకే కొన్నాళ్లు అటూ కొన్నాళ్లు ఇటూ పడుకోమని రెండు ఒడ్లవాళ్లూ ఆవిణ్ణి బతిమాలుకునేవారు.

కొత్తగా వచ్చిన ఇంజనీరు ఈ తలనొప్పంతా ఎందుకని, ఓ వానాకాలం ఆవిడకు రెండు పక్కలా దిండ్లు పెట్టించి వెల్లకిలా పడుకోబెట్టాడు. వంపులు పోయి తిన్నగా అయిన నది పరుగు లంకించుకుని దిగువ బజారును ముంచేసింది. పాపం, చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చి ఆ దిండ్లు ఆయనే తీశాడు.

ఈ ఏడు చిక్కు వేరే. చలికాలంలో ఆవిడ జారిపడి కుడి తుంటి విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గానీ ఆ పక్క ఆనిస్తే ప్రాణం విలవిల్లాడుతుంది. అప్పట్నుంచీ ఎడమకే పడక. కుడి ఒడ్డున వీళ్ల చేను మేటతో పెరుగుతూ వచ్చింది. ఎడమ ఒడ్డున కోడలి పుట్టింటి పెరడు కొంచెం కొంచెంగా నదిలో కలిసిపోయింది.

వానలు పట్టుకున్నాయి. తలుపులన్నీ ఎత్తేసినా నీరు తగ్గలేదు. కొడుకు ఇసుక బస్తాలు మోయడానికి అవతలి గట్టుకు వెళ్లాడు. మధ్యాహ్నం కోడలు తడిసి ముద్దై ఇంటికొచ్చి అన్నం వడ్డించింది. నొప్పితో ఉన్న మనిషిని కుడికి తిరగమని అడగడానికి ఆమెకు నోరు రాలేదు.

"మీ నాన్న ఇంటి దాకా వచ్చిందా నీళ్లు?" అంది అత్తగారు. పెళ్లిలో తన గురకను పదిమందిలో వెక్కిరించాడని ఆయనతో ఆవిడకు మాటల్లేవు.

"వెనక గోడ పడిపోయింది అత్తయ్యా. ఇంకాసేపైతే ఇల్లు కూడా..."

"చెప్పవేం మరి? పట్టుకో. కుడికి తిప్పు నన్ను."

"మీ తుంటి? మన చేను?"

"చేను నది పెట్టిందే కదా, తీసుకోనీ. తిప్పవే తల్లీ, ఆలస్యమైతే నాకు భయమేస్తుంది."

కోడలు ఏడుస్తూనే తిప్పింది. ఆవిడ పళ్లు బిగపట్టి "అమ్మా" అంది. కిటికీ అవతల నీళ్లు మెల్లగా ఒరిగి వీళ్ల చేలోకి పరుచుకున్నాయి. సాయంత్రానికి అవతలి గట్టు నిలిచింది.

వరద తీశాక వియ్యంకుడు పడవలో వచ్చాడు. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"ఇంకా అటే పడుకుంటున్నారట. నొప్పి కదమ్మా? మళ్లీ మా వైపు తిరగండి. కాస్త గట్టు పోతే పోయింది."

"నొప్పికేం, అలవాటైపోతుంది," అంది ఆవిడ. "అటు తిరిగితే ఒట్టి గోడండీ. ఇటైతే వంటింట్లో మీ అమ్మాయి కనిపిస్తుంది."